లాప్‌టాప్ మీద అక్షింతలు

నా లాప్‌టాప్‌కు ఒక రోగం ఉండేది. ఐదు నిమిషాలు ఎవరూ ముట్టుకోకపోతే దాని స్క్రీన్ నల్లబడిపోయేది. అందరి లాప్‌టాప్‌లూ నల్లబడతాయి, అందులో వింతేం లేదు. ఏదో ఒక మీట నొక్కితే మళ్ళీ వెలుగుతాయి. నాది వెలిగేది కాదు. మీటలన్నీ నొక్కినా, మూత మూసి తెరిచినా, బతిమాలినా, తిట్టినా అంతే. గుడ్డికన్ను మూస్తేనేం తెరిస్తేనేం అనుకుని, పవర్ బటన్ గట్టిగా నొక్కిపట్టి దాన్ని పూర్తిగా చంపి, మళ్ళీ మొదటి నుంచి బతికించుకోవాల్సిందే. అప్పటిదాకా చేసిన పనంతా గంగలో కలిసేది.

సెట్టింగుల్లోకి వెళ్ళి 'ఎప్పుడూ పడుకోవద్దు' అని పెట్టాను. కుక్క తోక వంకరే. జహీరాబాద్ తీసుకుపోయి ఒక మెకానిక్‌కు చూపిస్తే, అతను దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, "అన్నా, ఇది గిట్లనే ఉంటది. నువ్వే దాన్ని పండనియ్యకు" అని చెప్పి పంపాడు. ఆ మాత్రం నా భార్య లిల్లీ పొయ్యి దగ్గర కూర్చునే చెప్పింది. బస్సెక్కి అంత దూరం పోవాల్సిన పని లేదు.

ఇది రెండువేల తొమ్మిది ఎండాకాలం మాట. నారాయణఖేడ్‌లో బస్టాండు వెనక సందులో నా ఫొటో స్టూడియో. ముందు గదిలో ఫొటోలు, నీలం కర్టెన్ అవతల వెనక గదిలో పెళ్ళి వీడియోల మిక్సింగ్. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దమనిషి ఎవరో గానీ, ఆయన పెళ్ళికి వీడియో తీసి ఎరగడు. ఎరిగి ఉంటే మూడోది కూడా చేర్చేవాడు. కెమెరాలోని క్యాసెట్టు కంప్యూటర్‌లోకి ఎక్కాలంటే, పెళ్ళి ఎంతసేపు తీశామో అంతసేపూ క్యాసెట్టు తిరగాలి. అక్కడ అది తిరుగుతుంటే ఇక్కడ స్క్రీన్ మీద పెళ్ళి మొదటి నుంచి మళ్ళీ నడుస్తుంది. మూడు గంటల పెళ్ళికి మూడు గంటలు. అంతసేపూ నేను దాని పక్కనే కూర్చుని, దాని టచ్‌ప్యాడ్ పలకను నిమిషానికోసారి గోకుతూ ఉండాలి.

ఆ రోజు బల్ల మీద ఉన్నవి పంచాక్షరి సేటు ఇంటి పెళ్ళి క్యాసెట్లు. పంచాక్షరి కందుల వ్యాపారి. వాళ్ళ ముత్తాతలు బీదర్ వైపు నుంచి వచ్చారట. ఇంట్లో ఇప్పటికీ సగం కన్నడం, సగం తెలుగు. పెళ్ళికూతురు శివగంగ ఆయన తమ్ముడి కూతురు. పిల్లకు ఆరేళ్ళప్పుడే తమ్ముడు చనిపోతే, పిల్లనూ పిల్ల తల్లి దాక్షాయణినీ సేటే ఇంట్లో పెట్టుకుని సాకాడు. కన్యాదానం కూడా భార్యతో పీటల మీద కూర్చుని ఆయనే చేశాడు. మంచివాడే. మంచివాళ్ళ ముందే మనకు ఒక్కోసారి నోరు లేవదు.

ఎల్లుండి కొత్త దంపతులు మొదటిసారి పుట్టింటికి వస్తారు. అప్పటికి సీడీ ఉండాలన్నాడు సేటు. కెమెరా నా ఒక్కడిది కాదు, బీదర్‌లో ఒకతనితో పొత్తు. అక్కడ మర్నాడు పెళ్ళి ఉందని సాయంత్రం నాలుగు బస్సుకు పంపమన్నాడు. అంటే నాలుగులోపు క్యాసెట్లన్నీ ఎక్కిపోవాలి. పొద్దున్నుంచి రెండుసార్లు మొదలుపెట్టాను. రెండుసార్లూ ముందు గదిలోకి ఎవరో రావడం, నేను లేచి వెళ్ళడం, తిరిగొచ్చేసరికి నల్లటి స్క్రీన్. ఒంటిగంట కావస్తోంది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడు కర్టెన్ తొలగించుకుని దాక్షాయణక్క వచ్చింది. బూడిద రంగు చీర, చేతిలో గొడుగు, కొంగు చివర ఏదో ముడి.

"గిద్యోనూ, పనిలున్నవా?"

"రా అక్కా, కూసో. సీడీ ఎల్లుండికి ఇస్తనని సేటుకు చెప్పిన గదా. నువ్వెందుకచ్చినవ్ ఎండలవడి?"

"సీడీకి కాదు తమ్మీ. పెండ్లి సూద్దామని వచ్చిన."

"సీడీ వచ్చినంక ఇంట్లనే సూడొచ్చు గదా."

"ముందరి అర్రల టీవీ. మా బావ, అల్లుని దిక్కోల్లు, మొగోల్లందరు కూసుంటరు. పెండ్లిల నిలవడనియ్యనోల్లు పెండ్లి సీడీ ముందట కూసోనిస్తరా?" ఆమె కోపంగా అనలేదు. కూర ధర చెప్పినట్టు చెప్పింది. "కండ్ల దవాఖానకు పోతున్న అని చెప్పొచ్చిన. అబద్ధం గాదు. కండ్ల కోసమే గదా వచ్చింది."

నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు.

"నా బిడ్డకు పుస్తె కడుతుంటె సూడాలె. గదొక్కటి సూస్తె సాలు. ఇగ ఏం అడుగ."

వాళ్ళింట్లో పద్ధతి అది. మొగుడు పోయిన మనిషి, కన్నతల్లైనా సరే, ముహూర్తం వేళ మంటపం దగ్గరికి రాకూడదు. పెళ్ళి రోజు దాక్షాయణక్కను సామాన్ల గదిలో కూర్చోబెట్టారు. బెల్లం, బియ్యం, నెయ్యి అడిగినవాళ్ళకు అడిగినంత తీసి ఇవ్వడం ఆమె పని. మా చర్చిలో ఈ బాధ లేదు. నా పెళ్ళిలో మా అమ్మ, ఆమెకూ మా నాయన లేడు, మొదటి వరసలో కూర్చుని నా కంటే గట్టిగా పాటలు పాడింది. అయితే మేమేదో గొప్పవాళ్ళమని కాదు. ఊరికి బయల్దేరేటప్పుడు ఎవరు ఎదురొచ్చారో చూసుకుని, మళ్ళీ లోపలికి వెళ్ళి గ్లాసెడు నీళ్ళు తాగిన వాళ్ళను మా వాళ్ళలోనూ చూశాను.

"అయితె అక్కా, నువ్వే నన్ను కాపాడాలె" అని కుర్చీ జరిపి కూర్చోబెట్టాను. "గిది పండకుండ సూడాలె. గీ పలక మీద మధ్యమధ్యల ఏలు వెట్టి జరుపుతుండు. ఇడిసిపెడితె కండ్లు మూసుకుంటది. ఒకసారి మూసుకున్నదంటె ఇగ లేవదు."

ఆమె ఆ చిన్న పలకను చూపుడువేలితో నిమిరి చూసింది.

"పిల్లలను పండవెట్టుడు ఎర్కగని, పండకుండ సూసుడు గిదే మొదలు" అంది.

క్యాసెట్టు వేశాను. పెళ్ళి మొదలైంది.

వెనక గదికి ఒకే కిటికీ. దానికీ నీలం గుడ్డే. ఎండాకాలం మధ్యాహ్నం ఎండ ఆ గుడ్డలోంచి వస్తే గదంతా చెరువు అడుగున ఉన్నట్టు ఉంటుంది. ఫ్యాను తిరుగుతోంది. బయట బస్టాండు కూడా కాసేపు నోరు మూసుకుంది. ఆ నీలం వెలుతురులో, పదకొండు రోజుల కింద జరిగిపోయిన పెళ్ళి మళ్ళీ అదే బాజాలతో, అదే హడావుడితో నడుస్తుంటే, దాక్షాయణక్క ఒక్కతే దానికి వచ్చిన చుట్టంలా కూర్చుంది.

మొదట వేలితో పలకను నిమురుతూ చూసింది. తర్వాత మెల్లగా వాళ్ళతో మాట్లాడటం మొదలుపెట్టింది.

"అగో, గా ముసలాయన పందిరి కింద నిద్రవోతుండు సూడు. రాత్రి బస్సుల వచ్చిండు పాపం... ఏయ్, గా అరటాకులు తడి దుడువుండ్రి... బిడ్డా, తల వంచు, తల వంచు, పువ్వులు జారుతున్నయ్..."

స్క్రీన్ మీద శివగంగ నిజంగానే తల వంచింది. దాక్షాయణక్క సంతృప్తిగా పలకను నిమిరింది. నాకు తెలిసిన పెళ్ళే అది, నేనే తీసిన పెళ్ళి. కానీ ఆమె పక్కన కూర్చుని చూస్తుంటే, అది అయిపోయిందని అనిపించలేదు. ఇప్పుడే అవుతోందనీ, ఆ రోజు నేను తీసిందే దీనికి ముందు చూసుకున్న రిహార్సల్ అనీ అనిపించింది. ముందు గదిలో ఎవరో పిలిస్తే లేచి వెళ్ళాను. ఆల్బం కోసం వచ్చిన ఒకామె కర్టెన్ వైపు చెవి పెట్టి, "లోపట పెండ్లి అయితుందా?" అని అడిగింది. అవునన్నాను. అబద్ధం చెప్పినట్టు తోచలేదు.

నేను తిరిగొచ్చేసరికి దాక్షాయణక్క ముందుకు వంగి చూస్తోంది. స్క్రీన్ మీద సామాన్ల గది గుమ్మం. గుమ్మంలో బూడిద రంగు చీర అంచు, పళ్ళెం పట్టుకున్న ఒక చెయ్యి. అంతే. కెమెరా గిర్రున తిరిగి మామిడాకులు కట్టిన గోడ మీదికి పోయింది.

"గది నేనే గదా?"

"ఔనక్కా."

"నేను గుమ్మంలకు వస్తె కెమెర గోడ దిక్కు తిరిగింది."

"సేటు సైగ జేసిండు" అన్నాను. నిజమే, చేశాడు. కానీ తిప్పిన చెయ్యి నాది. సైగ చూడనట్టు నటించడం వీడియోవాళ్ళకు తెలియని విద్య కాదు. పెళ్ళిళ్ళలో రోజుకు ఇరవైసార్లు చేస్తాం. ఆ ఒక్కసారి చేయలేదు. నాకు సిగ్గేసింది. ఆమె తిడితే బాగుండుననిపించింది.

"నీ తప్పేముంది తమ్మీ" అంది ఆమె. "నువ్వు తిప్పకపోయినా నేనే ఎనుకకు జరిగేదాన్ని."

ఆ మాట తిట్టు కంటే ఎక్కువ తగిలింది.

రెండో క్యాసెట్టు వేశాను. ముహూర్తం ఇందులోనే ఉంది. జీలకర్ర బెల్లం పళ్ళెంలోకి వచ్చింది. పెళ్ళికొడుక్కీ పెళ్ళికూతురికీ మధ్య పట్టే తెల్లగుడ్డ ఇద్దరు మనుషుల చేతుల్లో సిద్ధంగా ఉంది. దాక్షాయణక్క కొంగు ముందుకు లాక్కుని ముడి విప్పింది. లోపల పసుపు కలిపిన బియ్యం, పిడికెడు.

"అక్షింతల తట్ట సామాన్ల అర్ర ముంగట్నించే పాయె. పోతుంటె పిడికెడు తీసి కట్టుకున్న. గప్పట్నించి గిట్లనే ఉన్నయ్. యాడ సల్లాలె? బెల్లం బుట్ట మీద సల్లుకుంటనా?"

సరిగ్గా అప్పుడే ముందు గదిలో దగ్గు వినిపించింది. కల్హేర్ దిక్కు నుంచి బీరప్ప అనే పెద్దమనిషి వచ్చాడు. ఉపాధి హామీ కార్డుకు ఫొటో కావాలి, ఇప్పుడే కావాలి, బస్సు ఉంది.

"అక్కా, చెయ్యి వెట్టుడు మర్వకు."

"మర్వ. నువ్ పో."

బీరప్పను స్టూలు మీద కూర్చోబెట్టి స్టిల్ కెమెరా మెడలో వేసుకున్నాను. నేను నొక్కినప్పుడల్లా అతను కళ్ళు మూశాడు. ఒకటి కాదు, రెండు కాదు, వరసగా ఆరుసార్లు. "పెద్దయ్యా, కండ్లు తెర్వు" అంటే, "తెరిచే ఉన్న గదా" అంటాడు. ఆ రోజు నా రాశిలో కళ్ళు మూసుకునేవాళ్ళే రాసిపెట్టి ఉన్నారు. ఏడోసారికి సగం కళ్ళతో ఒకటి పడింది. చాలనుకుని, ప్రింటు తీసిచ్చి అతన్ని పంపి, వెనక గదిలోకి వచ్చాను.

కర్టెన్ దగ్గరే ఆగిపోయాను.

దాక్షాయణక్క లేచి నిలబడి ఉంది. తల మీదికి కొంగు కప్పుకుని, రెండు అరచేతుల మధ్య అక్షింతలు పట్టుకుని, చేతులు జోడించి ఉంది. స్క్రీన్ మీద తెల్లగుడ్డ పట్టారు. పురోహితుడు మంగళాష్టకాలు చదువుతున్నాడు. గుడ్డకు ఇవతల శివగంగ, వంచిన తల, పాపిట బిళ్ళ. నీలం వెలుతురులో తల్లి, బంగారు వెలుతురులో కూతురు, మధ్యలో రెండు జానల దూరం. వాళ్ళిద్దరూ ఒకే చోట నిలబడ్డారని నా కళ్ళు నమ్మాయి. అలా చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు. ఆమె చేతులు జోడించి ఉన్నాయని చూశాను గానీ, జోడించిన చేతులు పలక మీద లేవన్న సంగతి నా మొద్దు బుర్రకు తట్టలేదు.

స్క్రీన్ నల్లబడింది.

దూకాను. మీటలన్నీ నొక్కాను. పలకను రుద్దాను. లాభం లేదు. అలవాటు కొద్దీ వేలు పవర్ బటన్ మీదికి పోయింది.

"ఆగు!" అంది దాక్షాయణక్క.

చేతులు విడదీయలేదు. మెడ మాత్రం నా వైపు తిప్పింది. "ముట్టకు. ఇను."

మంగళాష్టకాలు వినిపిస్తున్నాయి. నల్లటి స్క్రీన్‌లోంచి పురోహితుడి గొంతు, దగ్గులు, ఎవరో పిల్ల ఏడుపు, గాజుల చప్పుడు, అన్నీ వినిపిస్తున్నాయి. ఇంతకు ముందు స్క్రీన్ పోయినప్పుడల్లా నేను ఆ క్షణమే బటన్ నొక్కేవాణ్ణి. లోపల ఏమవుతోందో ఒక్కసారైనా ఆగి వినలేదు.

"అక్షింతలు చేతికి తీస్కున్నంక గట్టిమేళం అయ్యేదాంక ఇంకోటి ముట్టరాదు. మా ఇంట్ల పద్ధతి" అంది మెల్లగా. "గందుకే ఏలు వెట్టలే."

ఏ ఇంటి పద్ధతి ఆమెను మంటపానికి దూరంగా ఉంచిందో, ఆ ఇంటి పద్ధతినే ఆమె నా వెనక గదిలో, ఎవరూ చూడని చోట, తు చ తప్పకుండా పాటిస్తోంది. నాకు కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియలేదు.

అలాగే నిలబడ్డాం, ఆమె చేతులు జోడించి, నేను వేలు గాల్లో ఆపి. ఎక్కువసేపేం కాదు. కానీ ఆ కాలం గడియారంలోది కాదు. చదివే గొంతు ఒక్కటే నడుస్తోంది. నల్లటి స్క్రీన్ మీద కిటికీ వెలుతురు పడి, దాంట్లో దాక్షాయణక్క కనిపిస్తోంది. తల మీద కొంగు, ముకుళించిన చేతులు. పెళ్ళికూతురు ఉన్న చోటే ఆమె ఉంది. మూడు గంటల పెళ్ళిలో ఎక్కడా లేని మనిషి, పెళ్ళంతా మాయమయ్యాక అక్కడ ఒక్కతే కనిపించింది.

చివరి మాట పలికాడు పురోహితుడు. గట్టిమేళం ఒక్కసారిగా లేచింది. డోలు, సన్నాయి, తాళాలు, ఆ చిన్న గది గోడలు అదిరాయి. దాక్షాయణక్క చెయ్యెత్తి అక్షింతలు చల్లింది. అవి నల్లటి స్క్రీన్‌కు తగిలి, ఆమె ముఖం మీదే పడి, మీటల మీదికి రాలాయి. నా మెడలో కెమెరా ఉందన్న సంగతి నా చేతులకే ముందు గుర్తొచ్చింది. ఒకసారి నొక్కాను.

మేళం సాగుతుండగానే ఆమె కుర్చీలో కూలబడింది.

"సూడలేకపోతి" అంది. ఏడుపు కాదు, ఊపిరి విడిచినట్టు. "పుస్తె కట్టే యాళ్లకు కండ్లు మూసుకున్నది. సూసినవా? నేను నిలవడ్డందుకే."

"అక్కా, గట్ల గాదు. దానికి రోగం. పొద్దుగాల నా ముందట రెండుసార్లు పన్నది."

"నీ ముందట ఎప్పుడో పన్నది. నా ముందట ముహూర్తానికి పన్నది. ఊకె అంటరా పెద్దోల్లు?" కొంగుతో ముఖం తుడుచుకుంది. "మిషనుకు గూడ నేను ముంగట నిలవడుడు నచ్చలే."

నిజంగా అలాగే నమ్మింది. పద్దెనిమిదేళ్ళుగా అందరూ చెప్పినదాన్ని ఇప్పుడు ఒక పనికిమాలిన లాప్‌టాప్ కూడా ఒప్పుకున్నట్టయింది. ఆమెను అలా ఇంటికి పంపితే నేను మనిషిని కానని నాకు తెలుసు. కెమెరా బీదర్ పోవడం, సీడీ ఆలస్యం కావడం, సేటు మాటలు పడటం, అవన్నీ అప్పుడు ఏ మూలకు పోయాయో.

"అక్కా, నువ్ కదలకు. దాన్ని ముట్టకు. నేను వస్త" అని పరిగెత్తాను.

మా సందు చివర దేవానందం కంప్యూటర్ కోచింగ్ నడుపుతాడు. మా చర్చివాడే. అన్నం ముందు కూర్చున్నవాణ్ణి లేపాను. "చప్పుడు వస్తుంది గని బొమ్మ వస్తలేదు" అంటే, అతను చెయ్యి కడుక్కుంటూ, "చప్పుడు వస్తుందంటె లోపట నడుస్తుందన్నట్టే గదనే. స్క్రీన్ ఒక్కటే పన్నది" అన్నాడు. ఇద్దరం కలిసి ఒక పాత పెట్టె మానిటర్‌ను చెరో వైపు పట్టుకుని, ఎండలో, నడి సందులో మోసుకొచ్చాం. దేవానందం వైరు తగిలించి, ఏవో రెండు మీటలు కలిపి నొక్కాడు. మీటల మధ్య పసుపు బియ్యం చూసి నా వైపు వింతగా చూశాడు గానీ అడగలేదు.

పెట్టె మానిటర్ మీద మెల్లగా వెలుతురు వచ్చింది. పెళ్ళి నడుస్తూనే ఉంది. తలంబ్రాలు అయిపోయి, చుట్టాలు ఫొటోలు దిగుతున్నారు.

"సూసినవా అక్కా? అది పండలేదు. అంత ఎక్కింది."

ఆమె నమ్మినట్టు కనిపించలేదు. క్యాసెట్టు అయిపోయేదాకా ఆగి, ఎక్కిన పెళ్ళిని వెనక్కు జరిపి, తెల్లగుడ్డ దగ్గర పెట్టాను. దేవానందాన్ని కళ్ళతోనే బయటికి పంపాను. ఈసారి పలక మీద వేలు నేనే పెట్టి కూర్చున్నాను.

మంగళాష్టకాలు. గుడ్డ కిందికి జారింది. గట్టిమేళం. పెళ్ళికొడుకు చేతులు శివగంగ మెడ వెనక్కు పోయాయి. మొదటి ముడి. రెండోది. మూడోది. అందరూ అక్షింతలు చల్లుతున్నారు, మంటపమంతా పసుపు వాన. దాక్షాయణక్క రెప్ప వేయలేదు. చేతులు ఒళ్ళో ఉన్నాయి. కన్నీళ్ళు వాటంతట అవి కారుతున్నాయి.

అప్పుడు శివగంగ తలెత్తింది.

తీసినప్పుడు నేను గమనించలేదు. ముడులు పడుతున్నంతసేపూ నా ధ్యాస పుస్తెల మీదే. ఇప్పుడు చూశాను. పెళ్ళికూతురు తలెత్తి, ఎదురుగా ఉన్న పెళ్ళికొడుకును కాదు, అతని భుజం మీదుగా జనంలోకి చూసింది. కుడి వైపు, ఎడమ వైపు. తర్వాత సామాన్ల గది గుమ్మం వైపు. అక్కడ కళ్ళు ఆగాయి. ఎవరో ఏదో చెబితే మళ్ళీ తల వంచింది.

"నన్నే దేవులాడుతుంది" అంది దాక్షాయణక్క. "గప్పుడు నేను నెయ్యి డబ్బ మూత తీస్తున్న. నా బిడ్డ నన్ను దేవులాడింది గిద్యోనూ. నాకు ఎర్కనే లేకపాయె."

మళ్ళీ వెయ్యమంది. వేశాను. ఇంకోసారి అడిగింది. నాలుగు బస్సు పోయింది. బీదర్ అతనికి ఫోన్ చేసి నాలుగున్నర బస్సుకు పంపుతానన్నాను. అతను తిట్టిన తిట్లు ఇక్కడ రాయదగ్గవి కావు. మూడో క్యాసెట్టు సగమే ఎక్కింది. భోజనాల్లో సగం మంది సీడీలో లేకుండా పోయారు. ఎవరూ పట్టించుకోలేదు. వాళ్ళు తిన్నారుగా.

మర్నాడంతా మిక్సింగ్. గులాబీ పువ్వులు, హృదయాలు, తిరిగే నక్షత్రాలు, అడిగినవన్నీ వేశాను. ముహూర్తం దగ్గర మాత్రం ఒక్క పువ్వూ వేయలేదు. శివగంగ తలెత్తుతుంది. కుడి వైపు చూస్తుంది, ఎడమ వైపు చూస్తుంది, గుమ్మం వైపు చూస్తుంది. అక్కడ నేను తీసిన ఫొటో పెట్టాను. తల మీద కొంగు, ఎత్తిన చెయ్యి, గాల్లో పసుపు బియ్యం. ఐదు సెకన్లు. వెనక ఉన్నది నా గది కర్టెన్ అని నాకు, లిల్లీకి తప్ప ఎవరికి తెలుస్తుంది? పెట్టాక భయం వేసింది. కందుల సేటుతో విరోధం నాకు మంచిది కాదు. తీసేద్దామని రెండుసార్లు అనుకున్నాను. ఒకసారి కెమెరా తిప్పినవాణ్ణి, రెండోసారి తిప్పబుద్ధి కాలేదు.

ఆ మర్నాడు సీడీ నేనే పట్టుకెళ్ళాను. ముందు గదిలో దాక్షాయణక్క చెప్పినట్టే ఉంది. సేటు, కొత్త అల్లుడు, అతని వైపు వాళ్ళు కుర్చీల్లో, శివగంగ చాప మీద. లోపలి గుమ్మానికి కర్టెన్. దాని కింద బూడిద రంగు చీర అంచు, రెండు పాదాలు. వెళ్ళిపోదామనుకుంటూ గుమ్మంలోనే నిలబడ్డాను.

గుడ్డ జారింది. మేళం మోగింది. మూడు ముళ్ళు పడ్డాయి. టీవీలో శివగంగ తలెత్తి వెతికింది. తర్వాత తల్లి కనిపించింది, అక్షింతలు చల్లుతూ.

సేటు కుర్చీలో ముందుకు జరిగాడు. టీవీలో తలంబ్రాలు మొదలయ్యాయి. చాప మీది శివగంగ కర్టెన్ వైపు తిరిగింది.

"అవ్వా, గప్పుడు నువ్వు ఆడనే ఉన్నవా? నేను ఎంత దేవులాడిన. నువ్వు కనవడకపోతివి."

కర్టెన్ కింద పాదాలు కొంచెంసేపు కదల్లేదు.

"ఉన్న బిడ్డా" అంది దాక్షాయణక్క లోపల్నుంచి. "నీకెదురుంగనే ఉన్న."

శివగంగ లేచి వెళ్ళి కర్టెన్ తీసింది. తల్లి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చాప మీద తన పక్కన కూర్చోబెట్టుకుంది. "మల్ల పెట్టుండ్రి" అంది భర్తతో. కొత్త పెళ్ళాం అడిగితే ఎవడు కాదంటాడు? అతను రిమోట్ అందుకుని వెనక్కు తిప్పాడు.

పంచాక్షరి సేటు నాతోపాటు అరుగు దాకా వచ్చాడు. చెప్పులు వేసుకుంటుంటే భుజం మీద చెయ్యి వేశాడు.

"గిద్యోనూ, నిజం చెప్పు. ఆమె గా దినం మంటపంల ఉండెనా? నేను సూడనే లేదు."

"వీడియోల ఉన్నది గదా సేటూ" అన్నాను, చెప్పు వైపు చూస్తూ.

ఆయన కళ్ళతో చూడనిది వీడియోలో ఉంది. వీడియోలో ఉన్నది ఎలా కాదంటాడు? కాసేపు లోపలికి చూశాడు. లోపల కూతురూ అల్లుడూ నవ్వుతున్నారు, మధ్యలో దాక్షాయణక్క ఉంది.

"ఔ, ఉన్నది" అన్నాడు, తనలో తను లెక్క సరిచూసుకుంటున్నట్టు. "ఉన్నది. మరి ఏం కాలే గదా."

లోపలికి పోయాడు.

స్టూడియోకు వచ్చేసరికి లాప్‌టాప్ మళ్ళీ నల్లగా ఉంది. వెళ్ళేటప్పుడు దాని సంగతి మరిచిపోయాను. అలవాటు కొద్దీ ఒక మీట నొక్కాను. మీట సగమే దిగింది. కింద ఏదో అడ్డుపడింది. బోర్లించి మెల్లగా తడితే రెండు పసుపు గింజలు బల్ల మీద పడ్డాయి. ఊదేద్దామనుకున్నాను గానీ మనసొప్పలేదు. అగ్గిపెట్టెలో వేసి సొరుగులో పెట్టాను.